ఎత్తే గొంతు, అందుకునే గొంతు

సిరిసిల్లకు మొదటి పాట పాడడానికి పోయే ముందు కొందరు ఆడపిల్లలు మా ఇంటికి వస్తారు. కోరుట్ల నుంచి, మెట్‌పల్లి నుంచి, ఒక్కోసారి జగిత్యాల నుంచి కూడా వస్తారు. గొంతుకు ఏం తినాలి అని అడుగుతారు. ఏ చీర కట్టుకోవాలి అని అడుగుతారు. పాటను ఎంతమంది చూస్తారు అని అడుగుతారు. గొంతుకు నాకు తెలిసిన మందు గోరువెచ్చని నీళ్ళే. మైకుకు చీర కనబడదు. ఎంతమంది చూస్తారో నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

వాళ్ళు అడగని సంగతి ఒకటి ఉంటుంది. నేనే అడుగుతాను.

"నీ పక్కన ఎవ్వలు పాడుతరు బిడ్డా?"

"ఎవ్వలు లేరవ్వా, నేనొక్కదాన్నే. ఎనక గొంతులు మిషన్ల పెట్టుకుంటరట."

ఆ మాట విన్నప్పుడల్లా నాకు రాజవ్వ గుర్తొస్తుంది. నేను ఎత్తిన ప్రతి పాటను అందుకున్న మనిషి. ఆమెను నేను ఒక్క మధ్యాహ్నం పనిలో పోగొట్టుకున్నాను. ఆ తర్వాత ఎన్నో పాటలు పాడాను, పెళ్ళి ఊరేగింపుల్లో నా గొంతుకు ఊర్లు ఊగాయి. నేను మాత్రం ఆ గొంతు మళ్ళీ నా వెనక నుంచి ఎప్పుడు వస్తుందా అని చూస్తూనే ఉన్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు చదువుకుంటారని రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. తెలిసినంత వరకు రాస్తాను.

పొలంలో నేర్చుకున్నది

నా పేరు నర్సవ్వ. మాది కోరుట్లకు దగ్గరి పల్లె. మాకు భూమి లేదు. బీడీలు చుట్టేవాళ్ళం, నాట్లప్పుడు నాట్లకు పోయేవాళ్ళం. రాజవ్వ ఇల్లు మా ఇంటి వెనకే. వరుసకు నాకు మరదలు. నన్ను వదినె అని పిలిచేది, కోపం వచ్చినా అదే పిలుపు.

నాటు వేసేటప్పుడు పదిమంది ఆడవాళ్ళం వరుసగా వంగి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తాం. ఒకరు పాట ఎత్తుతారు, మిగతావాళ్ళు అందుకుంటారు. నా గొంతు పెద్దది, నేను ఎత్తేదాన్ని. రాజవ్వ నాకు కుడిపక్కన, అరడుగు వెనక ఉండేది. అందుకోవడంలో ఆమె మొదటిది. మిగతా వాళ్ళు ఆమెను పట్టుకుని వచ్చేవాళ్ళు.

అందుకోవడం అంటే పాట అయ్యాక మళ్ళీ పాడడం కాదు. నా చివరి అక్షరం ఇంకా ఆరకముందే ఆమె అందులోకి రావాలి. రెండు గొంతుల మధ్య సందు ఉండకూడదు. ఆమె పాడినంతసేపు నేను ఊపిరి తీసుకుంటాను. నేను పాడినంతసేపు ఆమె తీసుకుంటుంది. అట్లా అయితేనే పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వంగి ఉన్న మనిషి పాడగలదు.

దానికొక కట్టుబాటు ఉంది. ఎత్తినామె తన పాటను తానే అందుకోకూడదు. పక్కామె దగ్గు వచ్చి ఆగితే పాట ఆగిపోవాలి, అంతే. చిన్నప్పుడు నేను ఒకసారి ఆత్రానికి నా పాట నేనే అందుకుంటే మా మేనత్త గట్టు మీద నుంచి అరిచింది.

"ఏందే, నీ ఎనక మనుషులు లేరా? అందరు సచ్చిండ్రా?"

ఆ మాటను అప్పుడు తిట్టు అనుకున్నాను.

పాట వేగం గురించి నాకు మొదట నేర్పింది మాత్రం భూమి ఉన్న పటేలమ్మ. గొడుగు పట్టుకుని గట్టు మీద కూర్చునేది. నేను నిదానమైన పాట ఎత్తితే ఊరుకునేది కాదు.

"నర్సవ్వా, గా ఏడుపు పాట బంజెయ్యి. నారు వాడిపోతున్నది."

"పాట ఉరికితే నడుములు ఉరుకుతయా పటేలమ్మా? జెర మీరు దిగి సూడుండ్రి," అనేది రాజవ్వ, తల ఎత్తకుండా.

పటేలమ్మ నవ్వేది కాదు, కసిరేది కూడా కాదు. కానీ ఆమె చెప్పిందే నిజం. పాటను కొంచెం ముందుకు తోస్తే చేతులు దానంతటవే ముందుకు పోతాయి. అన్నం ముందు ఉరికే పాట, అన్నం తిన్నాక నడిచే పాట. డీజే బండి మీద నిలబడి కుర్రాళ్ళు ఇప్పుడు గొప్పగా చేసేది అదే. మా పటేలమ్మ వేరే వాళ్ళ నడుములతో ముందే చేసింది.

కరెంటు పోతేనే మా పని

సదానందం సిరిసిల్ల మనిషి. తండ్రి సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. సదానందం దుబాయికి పోయి కొన్నేళ్ళు ఉండి వచ్చాడు. ఒక నాట్ల రోజు మోటారు సైకిలు మీద మా ఊరి దారిన పోతూ పాట విని ఆగాడు. గట్టు మీదికి వచ్చి, చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, గా పాట మల్లొక్కసారి పాడుండ్రి."

"మల్లోసారంటె మల్లో మడి నాటాలె. దిగు," అంది రాజవ్వ.

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నిజంగానే దిగాడు. ఆయన నాటిన వరుస పాము పోయినట్టు ఉంది. మేమంతా నవ్వాం. అయినా మడి అయ్యేదాకా బయటికి పోలేదు. అందుకే ఆయన పిలిస్తే సిరిసిల్లకు పోయాం. మా ఇద్దరికీ అదే మొదటి ప్రయాణం, పని కోసం కాకుండా పాట కోసం.

ఆయన పాటల గది సాంచాల షెడ్డు వెనక ఉండేది. గోడలకు పాత బట్ట తానులు మేకులతో కొట్టాడు. ఎంత కొట్టినా సాంచాల చప్పుడు లోపలికి వచ్చేది. ఒక్క షెడ్డు కాదు, వీధి వీధంతా అదే. అప్పట్లో రోజూ కొన్ని గంటలు కరెంటు పోయేది. పోగానే వీధి మొత్తం ఒక్కసారి ఆగిపోయేది. కాకి అరుపు వినబడేది. అప్పుడు ఆయన బ్యాటరీ మీద మిషను పెట్టి, "ఇగ కానియ్యిండ్రి," అనేవాడు. ఊరంతా కరెంటును తిట్టుకునే సమయం మాకు పని సమయం.

మొదటి రోజు నా నోటి నుంచి పాట రాలేదు. చెవులకు డొప్పలు పెట్టారు, మైకు ముందు నిటారుగా నిలబెట్టారు. ఎప్పుడూ వంగి పాడిన మనిషిని నిలబెడితే ఊపిరి ఎక్కడి నుంచి తీయాలో తెలియలేదు. రాజవ్వను వేరే మూల కూర్చోబెట్టారు. నేను ఎత్తుతాను, ఆమె కనబడదు. సగం రోజు అట్లాగే పోయింది.

"తమ్మీ, గా కట్టెను కిందికి దించు," అంది రాజవ్వ చివరికి. మైకు గొట్టాన్ని ఆమె కట్టె అనేది. "మోకాలి కాడికి దించు. వదినె వంగి పాడుతది. నేను గీడ ఎనక నిలవడ్త."

సదానందం దించాడు. ఇద్దరం వంగాం. చేతులు ఊరికే ఉండలేక నారు నాటుతున్నట్టు ఆడించాం. ఒక్కసారికే పాట వచ్చింది. కరెంటు వచ్చి సాంచాలు మొదలయ్యాక సదానందం పాట వినిపిస్తే, ఆ చప్పుడు మా పాట కిందికి సరిగ్గా వచ్చి కూర్చుంది. అది విని సదానందం పాటను మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఆ తర్వాత ప్రతి పాట కింద ఆయన సాంచాల చప్పుడే పెట్టాడు. మా ముగ్గురిని అందరూ సాంచ బ్యాచ్ అన్నారు.

మైకు మన ఎత్తుకు రావాలి. నిటారుగా నిలబడమన్నారు కదా అని గొంతు నలిపి పాడిన పిల్లలను చూశాను. అడగడానికి సిగ్గుపడకండి.

ఇంగ్లండు వాళ్ళ సంగతి

కరెంటు పోయే దాకా కాచుకుని కూర్చున్నప్పుడు సదానందం దుబాయి ముచ్చట్లు చెప్పేవాడు. అక్కడ ఒక పెద్ద ఆటల హాలులో స్పీకర్లు మోసే పని ఆయనది. ఆ హాలుకు ఒకసారి ఇంగ్లండు నుంచి ఒక బృందం వచ్చిందట. ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ ముందు మిషన్లు. పాడేది ఒక్క ఆడమనిషి. ఆ రకం పాటను వాళ్ళు హౌస్ అంటారని చెప్పాడు. హౌస్ అంటే ఇల్లని చెప్పగానే రాజవ్వ, "ఎవ్వలింట్ల?" అని అడిగింది.

"గది పేరు రాజక్కా. కింద చప్పుడు అచ్చం మా సాంచ లెక్కనే ఉంటది. ఆగది. మీద ఒక్కటే ముక్క. గా ఒక్క ముక్కనే ఆమె పాడుతనే ఉంటది. వేలమంది ఎగురుతనే ఉంటరు."

"ఒక్క ముక్కకేనా? ఇసుగు రాదా?"

"నాటు ఏసేటప్పుడు మీకు ఇసుగొస్తదా?"

రాజవ్వ దానికి ఒప్పుకుంది.

ఆ బృందం వేసిన డిస్కులన్నీ ఆయన కొనుక్కుని వచ్చాడు. ఒక్కొక్కటి వినిపిస్తూ వాళ్ళ కథ చెప్పేవాడు. మొదటి డిస్కులో ఆ ఆడమనిషి గొంతు నిండుగా ఉంది. భాష తెలియకపోయినా ఆమె ఎవరినో పిలుస్తున్నట్టు నాకు తెలిసింది. రెండో డిస్కులో ఆమె గొంతును ముక్కలు కోసి అక్కడక్కడ పెట్టారు. మూడోదానిలో వేరే పిల్ల గొంతు. ఆ తర్వాతి వాటిలో మనిషే లేదు, మిషను ఒక్కటే. తర్వాత ఆ ఇద్దరు మగవాళ్ళు కూడా విడిపోయారట.

"గా ఆడామె ఏమైంది తమ్మీ?" అని అడిగింది రాజవ్వ.

"తెల్వది అక్కా. హాలు ఎనక డబ్బా మీద కూసోని ఒక్కతే అన్నం తింటుంటె చూసిన. బయట పోస్టరు మీద ఆ ఇద్దరి బొమ్మలే ఉండె."

"నువ్వు మాట్లాడలేదా?"

"స్పీకర్లు మొయ్యాలె గదా."

ఈ కథలో చప్పుడు సంగతిని సదానందం నేర్చుకున్నాడు. డబ్బా మీద కూర్చున్న ఆమె సంగతిని ముగ్గురిలో రాజవ్వ ఒక్కతే అడిగింది. నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ మధ్యాహ్నం

అప్పటికి మూడు పాటలు బయటికి వచ్చాయి. జగిత్యాలలో వీడియోలు తీసేవాళ్ళు నాలుగోది తొందరగా కావాలన్నారు. వీడియోలో మేము ఉండేవాళ్ళం కాదు. చెరువు కట్ట మీద ఒక సన్నటి పిల్ల నా పాటకు పెదవులు ఆడించేది. అది చూడడానికి ఒకసారి పోయాను. నా గొంతు ఆ పిల్ల నోట్లో నుంచి రావడం చూసి మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఆ పిల్ల మీద కోపం లేదు. ఎండలో చెప్పులు లేకుండా గట్టు మీద చాలాసేపు ఎగిరింది.

నాలుగో పాట నీళ్ళ పాట. మా ఇద్దరి చిన్నప్పటి నుంచి ఉన్నది. నేను ఇట్లా ఎత్తేదాన్ని:

నీళ్ళల్ల దిగితిని, నీడొకటి అడిగె

రాజవ్వ ఇట్లా అందుకునేది:

ఏమని అడిగెనే ఓ వదినె, ఏమని అడిగె

అదొక ప్రశ్న. అడిగేవాళ్ళు ఉంటేనే చెప్పేవాళ్ళకు పాట ముందుకు పోతుంది.

ఆ రోజు పొద్దున్నే రాజవ్వ, "నేను బీడీలు కార్ఖానల ఇచ్చి ఎనక బస్సుకు వస్త. నేను అచ్చేదాక ఆగుండ్రి," అంది. ఆగుతం పో అన్నాను. నేను ముందు పోయాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధి ఆగింది. నేను నా వంతు మొత్తం పాడాను. రాజవ్వ రాలేదు. వేములవాడ దగ్గర బస్సు ఆగిపోయిందని తర్వాత తెలిసింది. సదానందం గడియారం చూస్తున్నాడు.

"అక్కా, ఇంకో అరగంటల కరెంటు అస్తది. రేపు జగిత్యాలకు ఇయ్యాలె."

"రాజవ్వ అస్తది తియ్యి."

మళ్ళీ గడియారం చూసి అన్నాడు. "ఆమె ముక్క నువ్వే పాడరాదు? గొంతు జెర సన్నగ పెట్టు. మిగిలింది మిషన్ల నేను మారుస్త. ఎవ్వలకు తెల్వది."

నేను కాదనాల్సింది. మా మేనత్త మాట గుర్తు రాలేదని అబద్ధం రాయను. గుర్తొచ్చింది. ఇది పొలం కాదు కదా అనుకున్నాను. ఇంకొకటి కూడా రాయాలి. నాకు చేయగలనా అని చూడాలనిపించింది. రాజవ్వ గొంతులో ప్రతి మలుపూ నాకు తెలుసు. ఎక్కడ లాగుతుందో, ఎక్కడ కొరికి వదులుతుందో నా కంటే బాగా ఎవరికీ తెలియదు. డొప్పలు పెట్టుకుని, నేను పాడిన పాట వింటూ, నన్ను నేనే వదినె అని పిలిచాను. మిషను కాబట్టి ఊపిరి కూడా అడ్డం రాలేదు. రెండోసారికే వచ్చింది. సదానందం బాగుంది అన్నాడు. నాకూ బాగుందనే అనిపించింది. సంబరపడ్డాను.

అప్పుడే కరెంటు వచ్చింది. వీధంతా ఒక్కసారి మోగింది. తలుపు దగ్గర రాజవ్వ నిలబడి ఉంది, చంకన డబ్బాతో, చెమటలు కక్కుతూ. ఆ చప్పుడులో మాటలు వినబడవు. తన గొంతు మీద వేలు పెట్టుకుని, నా వంతు ఏమైంది అన్నట్టు చెయ్యి తిప్పింది. నేను చెయ్యి ఊపాను, తర్వాత, మళ్ళీ వద్దాం అన్నట్టు. సాంచాల చప్పుడులో అబద్ధం ఆడడం సులువు. నోరు విప్పే పనే లేదు.

వాపసు బస్సులో ఆమె డబ్బాలో తెచ్చిన సర్వపిండి రొట్టె ఇద్దరం తిన్నాం.

పదిహేను రోజుల తర్వాత కోరుట్లలో పొద్దున పూట ఒక పెళ్ళి ఊరేగింపు పోతోంది. మేమిద్దరం బీడీల బుట్టలతో పక్కకు నిలబడ్డాం. డీజే బండిలో నుంచి నీళ్ళ పాట వచ్చింది. నీడొకటి అడిగె అని నేను ఎత్తాను. రాజవ్వ నోరు అలవాటుకు తెరుచుకుంది. అంతలో ఆమె ముక్క బండిలో నుంచి వచ్చేసింది. ఆమె నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. పాట మొత్తం అయ్యేదాకా విన్నది.

"మంచిగ పాడినవ్ వదినె. అచ్చం నా లెక్కనే ఉన్నది."

"బస్సు రాకపాయె గద రాజవ్వా. కరెంటు అస్తుండె."

"నేను బతికే ఉంటి గదనే."

పది అడుగులు పోయి వెనక్కి తిరిగింది.

"పేరు గుడ నీదొక్కదే ఏసిండ్రట. మా బిడ్డ సదివింది."

"లేదు లేదు, ఇద్దరిది ఉన్నదట."

"నువ్వు సదివినవా?"

నేను చదవలేదు. నాకు అప్పటికి చదువు రాదు.

మొదట చదివిన మాటలు

ఆ సంవత్సరమే రాజవ్వ మా ఊరు విడిచి, సిరిసిల్ల అవతల ముస్తాబాద్ దిక్కు బిడ్డ ఇంటికి పోయింది. మా కోపం వల్ల పోలేదు, బిడ్డకు కాన్పు ఉండింది. కానీ తిరిగి రాకపోవడం మాత్రం నా వల్లే అనుకుంటాను.

నేను మా మహిళా సంఘం లీడరు దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. బలపం పట్టడం బీడీ పట్టినట్టే ఉండేది, ఆమె నవ్వేది. ఎందుకు ఈ వయసులో అని అడిగితే బస్సు బోర్డుల కోసం అని చెప్పాను. బస్సు బోర్డులు నాకు రంగును బట్టి ఎప్పుడో తెలుసు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టింది. చలికాలంలో ఒక పొద్దున ఫోనులో నీళ్ళ పాట తెరిచి, పేర్లు వచ్చే చోట ఆపి, వేలు పెట్టి చదివాను.

గానం, నర్సవ్వ. కింద సంగీతం, సదానందం. కింద నటన, ఆ సన్నటి పిల్ల పేరు. వీడియో తీసినామె, బండి నడిపినాయన, అన్నం వండినాయన. అందరి పేర్లు ఉన్నాయి. రాజవ్వ పేరు లేదు. ముందు వచ్చిన మూడు పాటలు తెరిచాను. వాటిలో ఆమె గొంతు ఉంది. పేరు వాటిలోనూ లేదు. అంటే నేను తప్పు చేయకముందు నుంచే ఆమె లేదు. నేను చేసింది గొంతును కూడా తీసేయడం.

సదానందాన్ని అడిగాను. "జగిత్యాలల ఏసిండ్రు అక్కా, నేను సూడలే," అన్నాడు. అది నిజమే. ఆయన చెడ్డవాడు కాదు. చూడనివాడు. ఈ పనిలో నేను చూసిన నష్టాలలో ఎక్కువ చూడని మంచివాళ్ళ వల్లే జరిగాయి. కాబట్టి మీరే చూసుకోండి. మీ పేరు ఒక్కటి చూసుకుని సరిపెట్టుకోవద్దు, మీ పక్కామె పేరు ముందు వెతకండి.

తర్వాత సాంచ బ్యాచ్ పాటలు చాలా వచ్చాయి. అన్నిటిలో ఎత్తేది నేనే, అందుకునేదీ నేనే. జనానికి తేడా తెలియలేదు. నాకు తెలిసేది. మిషనులో నా వెనక నుంచి వచ్చే నా గొంతు ఎప్పుడూ తప్పేది కాదు, ఎప్పుడూ నవ్వించేది కాదు. పాట మధ్యలో పటేలమ్మను దెప్పేది కాదు. క్రమంగా వేరే పిల్లలు వచ్చారు, నా గొంతు ముక్కలు అక్కడక్కడ మిగిలాయి. ఇప్పుడైతే కొన్ని పాటలకు సదానందం మిషనుతోనే గొంతు తయారు చేస్తున్నాడు. ఇంగ్లండు వాళ్ళ డిస్కులు వరుసగా విన్నదాన్ని కాబట్టి ఏ డిస్కు తర్వాత ఏది వస్తుందో నాకు ముందే తెలుసు.

గొంతు ఆగడం

జగిత్యాలలో గొంతు డాక్టరు లోపలికి దీపం వేసి చూసి, ఇక పై స్థాయిలో పాడొద్దని చెప్పింది.

"ఇన్నేండ్లు ఊపిరి సరిగ తీసుకోకుండ పాడినట్టున్నవ్ అమ్మా."

తీసుకునే సందు ఇచ్చే మనిషి లేక, అని చెప్పలేదు. తల ఊపాను.

పని ఆపేశానని చెప్పడానికి సిరిసిల్లకు పోతే సదానందం పాత మిషను ఒకటి తుడుస్తున్నాడు. నీళ్ళ పాటకు ముందు ఎప్పుడో గొంతులు సరిచూడడానికి రాజవ్వ ఒక్కదానితో ఆ పాటలో ఆమె వంతు పాడించిన ముక్క అందులో దొరికిందన్నాడు. వినిపించాడు.

"గిది పాటల పెట్టు తమ్మీ. నా దొంగ గొంతు తీసెయ్యి. ఆమె పేరు ఎయ్యి. ఈసారి నేను చదువుత."

పెట్టాడు. నేను చదివాను. గానం, నర్సవ్వ, రాజవ్వ. ఆ పాటను ఫోనులో ఎక్కించుకుని ముస్తాబాద్ ఆటో ఎక్కాను.

చింతపండు కొట్టిన రోజు

రాజవ్వ వాకిట్లో చింతపండు కొడుతోంది. కింద ఒక రాయి, చేతిలో ఒక రాయి, గింజ ఒక పక్కకు, పండు ఒక పక్కకు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి రా అనలేదు. ఇంకో రాయి నా వైపు తోసింది. కూర్చుని నేనూ కొట్టాను. చాలాసేపటి తర్వాత ఫోను తీసి పాట పెట్టాను. రాయి ఆపకుండా విన్నది.

"ఎవ్వలది గీ గొంతు?"

"నీదే."

"నాదే గని, నువ్వేడున్నవ్? నడుమ సందున్నది."

నిజమే. సదానందం చప్పుడుకు సరిపోయేటట్టు మా గొంతులను పక్కపక్కన పేర్చాడు. నాది ఆరిపోయాక ఆమెది వస్తోంది. నేను సిరిసిల్లలో ఆ సంతోషంలో గమనించలేదు.

"మన ఇద్దరి నడుమ అప్పుడు నీళ్ళు గుడ కారకపోతుండె వదినె. గిండ్ల నుంచి ఎడ్లబండి పోతది."

పేరు చూపించాను. వేలు పెట్టి చదివాను. ఆమె తన వేలు అక్కడ పెట్టింది, చింతపండు జిగురు అంటింది.

"గింతేనా?"

"గింతే."

ఫోను చాట కింద పెట్టింది.

"ఆగుత అన్న, ఆగలే రాజవ్వా. తప్పు నాదే," అన్నాను. ఆ మాట కోసమే పోయాను. పదేళ్ళకు పైగా నోట్లో ఉన్న మాట అది. తీరా చూస్తే చాలా చిన్నది.

"ఆ దినం నీకోసమని సర్వపిండి తెచ్చిన. నూనె ఎక్కువేసి. వాపసు బస్సుల తిన్నవ్. మంచిగున్నది అన్నవ్."

"అన్న."

"గది తినుకుంట గుడ చెప్పకపోతివి."

ఇద్దరం కొట్టాం. ఒకరి రాయి పడ్డాక ఒకరి రాయి పడుతోంది. ఎప్పుడు కలిసిందో తెలియదు, నాటు వేసే వేగం వచ్చింది. అన్నం ముందటి వేగం.

"ఎత్తు మరి," అంది.

"ఎత్తొద్దన్నది డాక్టరమ్మ. గొంతు లేదు."

"అందుకోవద్దన్నదా?"

"అందుకోవద్దని అనలే."

"మరి ఎవ్వలు ఎత్తాలె?"

రాజవ్వ జీవితంలో ఎప్పుడూ పాట ఎత్తలేదు. పొలంలోనూ, సిరిసిల్లలోనూ, బతుకమ్మ దగ్గర కూడా అందుకునేదే. చేతిలో రాయి రెండుసార్లు ఊరికే పడింది. తర్వాత తల ఎత్తకుండా ఎత్తింది.

నీళ్ళల్ల దిగితిని, నీడొకటి అడిగె

ముసలి గొంతు. అంచుల్లో పగిలింది. కానీ లాగే చోట లాగింది, కొరికే చోట కొరికింది. ఇన్నేళ్ళు నేను దొంగతనం చేసిన మలుపులన్నీ అసలు మనిషి నోట్లో ఎట్లా ఉంటాయో వింటున్నాను. అడిగె అన్న చివరి అక్షరం గాలిలో నిలబడింది. సన్నబడింది. ఆరిపోయింది.

నేను అందుకోలేదు. వింటూ ఉండిపోయాను.

రెండు రాళ్ళూ ఆగాయి.

"ఏందే వదినె. నా ఎనక మనుషులు లేరా?"

"ఇంకొక్కసారి ఎత్తు రాజవ్వా. అందుకుంట."

"చేతికాడి పని కానియ్యి. వానకాలం నాట్లకు రా, అప్పుడు సూద్దాం."

ఆమె మోకాళ్ళు వంగవు. నా నడుము వంగదు. నాట్లకు ఇద్దరిలో ఎవరమూ పోము. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా సరే అన్నాను.

నెలకొకసారి పోతున్నాను. చింతపండు అయిపోయింది, మక్క కంకులు ఒలిచాం, మిరపకాయలు తొడిమలు తీశాం. నవ్వుతుంది, దెప్పుతుంది, సర్వపిండి చేసి పెడుతుంది. పాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. పోయేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆమె గొంతును నా లోపల ఎత్తించుకుంటాను. కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా, చివరి అక్షరం ఆరకముందే అందుకోవడం నేర్చుకుంటున్నాను.